పెరటి కబుర్లు: నాస్టర్షియం



పోయిన నెల తొట్లకు మట్టి ఎట్లా కలుపుకోవాలో చెప్పుకున్నాం గదా! ఆ మట్టి సిద్ధంగా ఉంటే, ఈ నెల అందులో ఒక పరదేశపు పూలతీగను వేద్దాం. దీని పేరు నాస్టర్షియం. పేరు నోరు తిరగకపోతే బెంగపెట్టుకోకండి. నాలుగుసార్లు పైకి అంటే అదే తిరుగుతుంది. తెలుగులో దీనికి వేరే పేరు వాడుకలో లేదు. ఆకు గుండ్రంగా డాలులాగా ఉంటుంది గనక, మీలో ఎవరైనా దీన్ని "డాలాకు తీగ" అని పిలుచుకున్నా నాకు అభ్యంతరం లేదు.

"మళ్ళీ పూలమొక్కేనా? నాలుగు వంగ నారు మొక్కలు వేసుకోరాదూ, కూరకన్నా వస్తాయి!" అని మీ అమ్మమ్మగారో నాయనమ్మగారో అనవచ్చు. వారికి మీరు ధైర్యంగా జవాబు చెప్పండి. ఈ మొక్క ఆకు తినవచ్చు, పువ్వు తినవచ్చు, లేత కాయ కూడా తినవచ్చు. పైగా మీ బళ్ళో సైన్సు మాస్టారు బోర్డు మీద బొమ్మలు వేసి చెప్పే సంగతులు అయిదారు ఈ ఒక్క తొట్టిలోనే కళ్ళారా చూడవచ్చు. వంగ మొక్క మంచిదే. కాని అది ఈ పని చెయ్యలేదు.

నాస్టర్షియం పుట్టిల్లు దక్షిణ అమెరికా. అక్కడ పెరూ, బొలీవియా దేశాలలో ఆండీస్ పర్వతాలున్నవి. ఆ కొండ ప్రాంతాల నుంచి స్పెయిన్ దేశస్థుల ద్వారా ఈ జాతి మొక్కలు 16వ శతాబ్దంలో యూరప్ చేరాయి. ఆ కాలంలో యూరప్ వాళ్ళు అమెరికా ఖండాన్ని కూడా "ఇండీస్" అనే అనేవారు. అందుచేత ఈ మొక్కకు ఇంగ్లీషులో "ఇండియన్ క్రెస్" అనే పేరు వచ్చింది. క్రెస్ అంటే ఘాటుగా ఉండే ఒక ఆకుకూర. పేరులో ఇండియా ఉంది గదా అని ఇది మన దేశపు మొక్క అనుకునేరు! అయితే మన దేశానికి వచ్చిన తరవాత అది సుఖంగానే ఉంది. నీలగిరి కొండల్లో ఎవరూ నాటకుండానే దారుల పక్క పాకి కనిపిస్తుంది. ఆండీస్ కొండల్లో దీనికి ఒక దాయాది ఉంది. దాని పేరు మషువ. అది నేలలో దుంపలు ఊరుతుంది. మనం చేమదుంపలు తిన్నట్టు అక్కడి రైతులు ఆ దుంపలు ఉడకబెట్టుకుని తింటారు.

నాస్టర్షియం అనే మాటకు లాటిన్ భాషలో "ముక్కును మెలితిప్పేది" అని అర్థం. నిజానికి ఆ పేరు నీటి ఒడ్డున పెరిగే వేరొక ఆకుకూరది. దీని ఘాటు కూడా అట్లాగే ముక్కుకు ఎక్కటం చూసి జనం ఆ పేరు దీనికి తగిలించారు. శాస్త్రజ్ఞులు మాత్రం దీన్ని ట్రొపీయొలం మేజస్ అంటారు. ఈ పేరు పెట్టినవాడు స్వీడన్ దేశపు లినేయస్. మొక్కలన్నిటికీ రెండేసి మాటల పేర్లు పెట్టి, 1753లో పెద్ద గ్రంథం అచ్చువేసిన మహానుభావుడాయన. పూర్వం గ్రీకులు యుద్ధంలో గెలిస్తే, ఓడిపోయిన శత్రువుల డాళ్ళూ శిరస్త్రాణాలూ ఒక స్తంభానికి వేలాడగట్టి, విజయచిహ్నంగా నిలబెట్టేవారు. కర్రకు అల్లుకున్న ఈ తీగను చూస్తే లినేయస్‌కు అదే జ్ఞాపకం వచ్చింది. ఆకులు డాళ్ళు, పువ్వులు నెత్తురు మరకలు పడిన బంగారు శిరస్త్రాణాలు! ఇంత ముచ్చటైన పువ్వును చూసి యుద్ధం తలుచుకోవటం ఏమిటో అని నాకనిపిస్తుంది. కాని పోలిక మటుకు బాగా కుదిరింది. మీరే చూద్దురుగాని.

ఇక పనిలోకి దిగుదాం.

చలిదేశాల్లో ఈ మొక్కను వసంతకాలంలో వేస్తారు. శీతకాలం మంచు పడగానే అది చచ్చిపోతుంది. మనకు తలకిందులు. మన మైదానాల్లో దీనికి శత్రువు ఎండాకాలం. అందుచేత వానలు వెనకపట్టి, తెల్లవారుజామున దుప్పటి కప్పుకోవాలనిపించే రోజుల్లో విత్తనం వెయ్యాలి. అంటే అక్టోబరు, నవంబరు నెలలు. నెల్లూరు వైపు కార్తీకం దాకా ముసురు పడుతూ ఉంటుంది గనక అక్కడి పిల్లలు ఇంకొంచెం ఆగవచ్చు. వేసిన రెండు నెలలకు, సంక్రాంతి ముగ్గుల వేళకు పువ్వులు వస్తాయి. శివరాత్రి దాటి ఎండలు ముదిరితే తీగ పసుపుపచ్చబడి ఎండిపోతుంది. అది మీ తప్పు కాదు. దాని ఆయుర్దాయం అంతే.

విత్తనం బఠాణీ గింజంత ఉంటుంది, పైన ముడతలు ముడతలుగా. విత్తనాల దుకాణంలో అడిగితే పొట్లాలలో దొరుకుతుంది. పొట్లం మీద పొట్టి రకమో, పాకే రకమో రాసి ఉంటుంది, చూసుకుని కొనండి. పొట్టి రకం అడుగు ఎత్తున గుబురుగా ఉంటుంది. తొట్టికి అదే మంచిది. పాకే రకమైతే ఆరేడు అడుగులు పోతుంది, దానికి ఆసరా కావాలి. గింజలను రాత్రి నీళ్ళలో నానవేసి, పొద్దున్నే అరంగుళం లోతున ఒక్కొక్క చోట రెండేసి గింజలు నాటండి. నేలలో అయితే అడుగు దూరానికి ఒకటి. నారుపోసి పీకి నాటాలనుకోకండి. దీనికి వేళ్ళు కదిలిస్తే కోపం. ఎక్కడ పెంచదలుచుకున్నారో అక్కడే గింజ వెయ్యాలి.

వారం పది రోజుల్లో మొలక వస్తుంది. ఇక్కడ ఒక చిన్న తమాషా గమనించండి. చింతగింజ గాని, ఆముదం గింజ గాని మొలిచినప్పుడు గింజలోని రెండు పప్పుబద్దలు నేల పైకి వచ్చి ఆకుల్లాగా విచ్చుకుంటాయి. వాటినే బీజదళాలు అంటారు. నాస్టర్షియం బీజదళాలు బయటికే రావు. మట్టిలోనే దాగి ఉండి, మొలకకు ఆహారం పెట్టి, అక్కడే కరిగిపోతాయి. శనగ గింజదీ ఇదే పద్ధతి. నమ్మకం లేకపోతే ఒక గింజ అదనంగా వేసి, మొలిచాక మెల్లగా తవ్వి చూడండి.

ఎరువు సంగతిలో మీ ఉత్సాహం అణచుకోవాలి. గులాబికి వేసినట్టు పశువుల ఎరువు పుష్కలంగా వేశారా, ఆకులు చేటలంత అవుతాయి గాని పువ్వులు కనపడవు. మనం పోయిన నెల కలిపిన మట్టిలో ఇంకొక పాలు ఇసక కలపండి, చాలు. పేద నేలలోనే ఈ మొక్క బాగా పూస్తుంది. ఎండ మాత్రం పూటంతా తగలాలి. అపార్టుమెంటులో ఉండే పిల్లలు తూర్పు వైపు ఎండ పడే బాల్కనీ గోడ మీద తొట్టి పెడితే, తీగ కిందికి జాలువారి కూడా చక్కగా ఉంటుంది. కాని తొట్టి పడిపోకుండా తాడుతో కట్టటం మరవకండి. కింద మనుషులు నడుస్తూ ఉంటారు. నీళ్ళు వేలితో మట్టి తాకి, పొడిగా ఉంటేనే పొయ్యండి.

ఆసరాకు ఎండు కందికంప గుచ్చితే సరిపోతుంది. కాకర తీగకు నులితీగలుంటాయి, చిక్కుడు తీగ ఒళ్ళంతా మెలితిరుగుతుంది. ఇది ఆ రెండూ చెయ్యదు. ఆకు కాడతో పట్టుకుంటుంది! కాడ పుల్లకు తగలగానే దాని చుట్టూ ఒక మెలిక వేస్తుంది. వేలితో పట్టుకుని బండి ఎక్కే పసివాడిలాగా, ఆకు ఆకుకూ ఒక మెలిక వేస్తూ పైకి పోతుంది.

ఇప్పుడు ఆకును చూద్దాం. కాడ ఆకు అంచున గాక, ఆకు మధ్యలో వచ్చి అతుకుతుంది. అక్కడి నుంచి ఈనెలు అన్ని వైపులకూ బండి చక్రం ఆకుల్లా పోతాయి. తామరాకుదీ ఇదే ఏర్పాటు. పోలిక అక్కడితో ఆగదు. తామరాకు మీద నీటిబొట్టు అంటకుండా దొర్లుతుందని మీరు వినే ఉంటారు. పల్లెల్లో పిల్లలు చెరువులో చూసి కూడా ఉంటారు. పట్నం పిల్లలకు తామర చెరువు ఎక్కడిది? వాళ్ళకు ఈ తొట్టి చాలు. నాస్టర్షియం ఆకు మీద ఒక చెంచా నీళ్ళు పొయ్యండి. నీళ్ళు ముత్యాలుగా విడిపోయి, దొర్లి, కిందికి దూకుతాయి. ఆకు తడవనే తడవదు. ఇప్పుడు ఆకు మీద చిటికెడు సుద్దముక్క పొడి చల్లి, మళ్ళీ ఒక బొట్టు వెయ్యండి. బొట్టు దొర్లుతూ పొడిని కూడా మోసుకుపోతుంది. తుడవకుండానే ఆకు శుభ్రం!

దీనికి కారణం ఏమిటి? ఆకు పైన కంటికి కనపడని మైనపు నలుసులు కోటానుకోట్లు నిలబడి ఉంటాయి. నీటిబొట్టు ఆ నలుసుల మొనల మీద తేలుతుంది. మొనల మధ్య సందుల్లో గాలి ఉంటుంది. బొట్టుకు ఆకు ఇంచుమించు తగలనే తగలదు. మైనం వల్లనే ఇది జరుగుతున్నదని మీరే రుజువు చెయ్యవచ్చు. ఆకులో సగం భాగాన్ని వేలితో గట్టిగా రుద్ది, తరవాత నీళ్ళు పొయ్యండి. రుద్దినచోట నీరు అంటుకుంటుంది, రుద్దనిచోట దొర్లుతుంది. ఇంకొకటి: ఆకును గాజు గ్లాసులో నీళ్ళలో ముంచి పక్క నుంచి చూడండి. వెండి రేకులా మెరుస్తుంది. ఆకును అంటి ఉన్న గాలి పొర మీద వెలుతురు పడి వెనక్కు కొడుతున్నదన్నమాట. జామాకు, మామిడాకు, చేమాకు కూడా తెచ్చి ముంచి చూసి, ఏది మెరిసిందో ఏది మెరవలేదో రాసి పెట్టుకోండి.

జర్మనీ దేశపు బార్ట్‌లాట్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఇటువంటి ఆకులను గొప్ప సూక్ష్మదర్శినితో పరీక్షించి, 1997లో ఈ రహస్యాన్ని ప్రకటించాడు. మురికి అంటని రంగులూ, గుడ్డలూ తయారుచేసేవారు ఈ సూత్రాన్నే వాడుకుంటున్నారు. 2013లో అమెరికాలో జేమ్స్ బర్డ్, కృప వారణాసి మొదలైనవారు ఇంకొక వింత కనిపెట్టారు. పైనుంచి పడిన బొట్టు ఆకు మీద ఎగిరి పడుతుంది గదా! ఉబ్బెత్తుగా ఉన్న గట్టు మీద పడితే బొట్టు చీలి, ఇంకా త్వరగా ఎగిరిపోతుంది. అటువంటి గట్లు ప్రకృతిలో ఎక్కడున్నాయని వెతికితే నాస్టర్షియం ఆకు ఈనెల రూపంలోనూ, మార్ఫో అనే నీలి సీతాకోకచిలుక రెక్క మీదా కనిపించాయి. విమానాల రెక్కల మీద మంచు పేరుకోకుండా చెయ్యటానికి ఇటువంటి జ్ఞానం ఉపయోగపడుతుందని వారి ఆశ.

ఆకు పైన నీరు నిలవదన్నాను. కాని ఒకనాడు పొద్దున్నే, ఎండ రాకముందు చూస్తే ఆకు అంచున వరసగా చిన్న చిన్న నీటిబొట్లు గుచ్చిన పూసల్లా ఉంటాయి. అది మంచు అనుకుంటారు. మంచు అయితే ఆకంతా పడాలి. ఈ బొట్లు సరిగ్గా ఈనె చివరనే ఉంటాయి. పగలు ఆకుల రంధ్రాల గుండా నీరు ఆవిరై పోతుంది. రాత్రి చల్లగా ఉన్నప్పుడు ఆవిరి పోదు గాని, వేళ్ళు మటుకు నీరు పైకి తోస్తూనే ఉంటాయి. ఆ నీరు ఈనెల కొసనున్న సన్నటి దారుల్లో నుంచి బొట్లుగా బయటికి వస్తుంది. ముందురోజు సాయంత్రం బాగా నీళ్ళు పోస్తే మరునాడు తప్పకుండా చూడవచ్చు. ఎండ రాకముందే లేవాలి సుమా!

ఇక వంటింటికి వెళదాం. అమ్మను అడిగి, ఒక లేత ఆకు కడిగి నమలండి. మొదట చప్పగా ఉంటుంది. ఒక్క క్షణం ఆగితే ఘాటు ముక్కులోకి ఎక్కుతుంది. ఎక్కడో తెలిసిన ఘాటులాగా ఉందే అనిపిస్తుంది. అవును, అది ఆవ ఘాటే! నాస్టర్షియానికీ ఆవ మొక్కకూ దూరపు చుట్టరికం ఉంది. కాబేజీ, ముల్లంగి, మునగ, బొప్పాయి, మన చేలగట్ల మీద మొలిచే వామింట — ఇవన్నీ ఆ పెద్ద కుటుంబంలోవే. బొప్పాయి గింజ ఒకటి కొరికి చూడండి. ఆ ఘాటూ ఈ ఘాటూ ఒక్కలాంటివే అని మీ నాలుకే చెబుతుంది. రెండింటిలోనూ ఘాటునిచ్చే పదార్థం ఒకటే.

అయితే ఆకు నోట్లో పెట్టగానే ఎందుకు ఘాటు లేదు? ఎందుకంటే, నలగని ఆకులో ఆ పదార్థం లేనేలేదు. ఆకులో రెండు వస్తువులు వేరువేరు గదుల్లో ఉంటాయి. ఒకటి ఘాటు లేని సరుకు. రెండవది దాన్ని విడగొట్టే ఎంజైము. పురుగు కొరికినా, మీరు నమిలినా గదుల గోడలు పగిలి, రెండూ కలుస్తాయి. అప్పుడు ఘాటు పుడుతుంది. పురుగుల నోరు మండించటానికి మొక్క చేసుకున్న ఏర్పాటు ఇది. తుపాకిమందును, నిప్పును వేరువేరుగా దాచుకున్నట్టు!

మన ఇళ్ళలో అమ్మలకు ఈ శాస్త్రం అనుభవంలో ఎప్పటినుంచో తెలుసు. పోపులో చిటపటలాడిన ఆవాలు నమిలితే ఘాటు ఉండదు, కమ్మగా ఉంటాయి. అవే ఆవాలు పచ్చివి నీళ్ళతో నూరి పనసపొట్టు కూరలో ఆవ పెడితే కళ్ళ నీళ్ళు తిరుగుతాయి. మరి తేడా ఏమిటి? వేడికి ఎంజైము చచ్చిపోతుంది. నూరితే, తడి తగిలితే ఎంజైము పనిచేస్తుంది. నాస్టర్షియం ఆకునూ అట్లాగే పరీక్షించవచ్చు. ఒక ఆకును మరిగే నీళ్ళలో రెండు నిమిషాలు వేయించి (ఈ పని అమ్మ చేతుల మీదుగా కావాలి), చల్లారాక తిని చూడండి. ఘాటు ఏమైపోయిందో మీరే చెప్పండి. అందుకే దీన్ని పప్పులో వేసి ఉడకబెడితే లాభం లేదు. మామూలు ఆకుకూర అయి ఊరుకుంటుంది.

నాకు నచ్చిన వాడుక పెరుగు పచ్చడి. ఓ ఎనిమిది లేత ఆకులు సన్నగా తరిగి, గిలక్కొట్టిన గడ్డపెరుగులో ఉప్పుతో కలపండి. పోపు వేరే పెట్టుకుని, చల్లారిన తరవాతనే కలపాలి. వేడిమీద పోస్తే ఏమవుతుందో ఇప్పుడు మీకు తెలుసు. ఇది ఇంటిల్లిపాదికీ వడ్డించేది, ఒక్కరికే కాదు. పువ్వుల రేకులు దద్ధ్యోజనం మీద చల్లితే చూడటానికి పండగలా ఉంటుంది. పువ్వు ఘాటు ఆకు ఘాటుకంటే తక్కువ. వెనక తోకలో ఉన్న తేనె బొట్టు వల్ల కాస్త తీపి కూడా తగులుతుంది. లేత పచ్చికాయలను యూరప్ వాళ్ళు ఉప్పునీళ్ళలో నానవేసి, తరవాత వినిగర్‌లో ఊరవేసుకుంటారు. మనం నాలుగు కాయలు నిమ్మరసంలో, ఉప్పులో వేసి ఫ్రిజ్‌లో పెట్టి, రెండు మూడు రోజుల్లో తినెయ్యవచ్చు. అన్నట్టు, ఈ ఆకులో సీ విటమిన్ పుష్కలంగా ఉంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పెద్దలు కూడా వినాలి. "ఈ పువ్వు తినవచ్చు" అని నేనంటే, "పువ్వులన్నీ తినవచ్చు" అని కాదు! గుమ్మడిపువ్వు, అవిసెపువ్వు, మునగపువ్వు, ఉగాదినాటి వేపపువ్వు మన పెద్దలు తరతరాలుగా తిని చూసినవి. గన్నేరు పువ్వు, ఆకు, కాయ ప్రాణం తీసే విషం. ఉమ్మెత్త కూడా విషమే. రెండూ అందమైన పువ్వులే, రెండూ మన ఇళ్ళ దగ్గరే ఉంటాయి. అందుచేత మీ ఇంట్లో బుడిబుడి నడకల తమ్ముడో చెల్లెలో ఉంటే, వాళ్ళ ఎదుట పువ్వు కోసి నోట్లో పెట్టుకోకండి. మిమ్మల్ని చూసి వాళ్ళు గన్నేరు దగ్గరికి పోవచ్చు. పువ్వులు వంటింట్లో కడిగి, పళ్ళెంలో వడ్డించిన తరవాతనే తినటం అలవాటు చేసుకోండి. నర్సరీ నుంచి పూసిన మొక్క తెస్తే దాని ఆకులు తినకండి. దానిమీద ఏ మందు కొట్టారో మనకు తెలియదు. దుకాణపు విత్తనాలకు కూడా మందు పట్టించి ఉండవచ్చు. అవి నాటటానికే, నోట్లో పెట్టుకోవటానికి కాదు. నాటాక చేతులు కడుక్కోవాలి. రోడ్డు పక్క దుమ్ములో పెరిగినదీ వద్దు. పసిపిల్లలకూ, జబ్బుగా ఉన్నవారికీ, కడుపుతో ఉన్నవారికీ ఈ ఘాటు పెట్టవద్దు. మిగతావారు కూడా నాలుగైదు ఆకులతో సరిపెట్టుకోండి.

ఇప్పుడు పువ్వు. అయిదు రక్షక పత్రాలు, అయిదు ఆకర్షక పత్రాలు. పైనున్న రెండు రేకుల మీద ముదురు రంగు గీతలుంటాయి. అవి తేనె ఉన్న చోటికి దారి చూపే గీతలు. కింది మూడు రేకుల మొదట్లో కుచ్చులాగా అంచు ఉంటుంది. వెనక పొడుగాటి తోక. తేనె దాని కొనలో ఉంటుంది. తేనె అందాలంటే పొడుగాటి ముక్కో, పొడుగాటి నాలుకో కావాలి. దీని పుట్టింట్లో ఆ పని గాలిలో నిలబడి తేనె తాగే హమ్మింగ్ పిట్టలు చేస్తాయి. మన దేశంలో హమ్మింగ్ పిట్టలు లేవు. మరి మీ తొట్టి దగ్గరికి ఎవరు వస్తారు? తేనెపిట్టా, సీతాకోకచిలుకా, తేనెటీగా? ఒక్కొక్క దొంగ ఈగ ముందు దారిన రాకుండా, తోకకు కన్నం వేసి తేనె తాగిపోతుంది. తోకమీద చిల్లు కనిపిస్తే దొంగ పడ్డాడన్నమాటే!

విచ్చబోయే ఒక మొగ్గ కాడకు దారం కట్టి, రోజూ ఆ పువ్వునే చూడండి. లోపల ఎనిమిది కేసరాలుంటాయి. అవన్నీ ఒక్కసారి పుప్పొడి విప్పవు. ఒక్కొక్కటే తన వంతు రాగానే తలెత్తి, తేనె దారికి అడ్డంగా నిలబడి, వచ్చిన చుట్టానికి పుప్పొడి పూసి, పని కాగానే తల వాల్చేస్తుంది. ఎనిమిదింటి వంతూ తీరాక, అదే చోటికి కీలం వచ్చి, కొసను మూడుగా చీల్చుకుని నిలబడుతుంది. ఒకే పువ్వు మొదట ఇచ్చేదిగా, తరవాత పుచ్చుకునేదిగా ఉంటుంది. అందువల్ల తన పుప్పొడి తనమీదే పడటం తగ్గుతుంది.

ఈ పువ్వును గురించి అందరికంటే గొప్ప సంగతి ఒక పంతొమ్మిదేళ్ళ అమ్మాయి కనిపెట్టింది. ఆమె పేరు ఎలిజబెత్ క్రిస్టీనా. ఇందాక చెప్పిన లినేయస్ కూతురు. ఆ రోజుల్లో ఆడపిల్లలకు విశ్వవిద్యాలయాల్లో ప్రవేశం లేదు. తండ్రి శిష్యులు దేశదేశాలకూ మొక్కల కోసం ఓడలెక్కి వెళుతుంటే, ఈమె ఇంటి తోటలో ఉండి పోవలసివచ్చింది. ఒక సాయంత్రం పొద్దుగుంకిన తరవాత, నారింజరంగు నాస్టర్షియం పువ్వులు ఉండి ఉండి తళుక్కుమని మెరవటం ఆమె చూసింది. మర్నాడూ చూసింది. ఇతరులకు చూపించింది. చూసినదంతా జాగ్రత్తగా రాసింది. స్వీడన్ రాజాస్థాన విజ్ఞాన పరిషత్తు ఆ వ్యాసాన్ని 1762లో తన పత్రికలో అచ్చువేసింది.

ఆ మెరుపు ఏమిటి? పువ్వులో నుంచి విద్యుత్తు పుడుతున్నదని చాలామంది నమ్మారు. చాలాకాలం నమ్మారు కూడా. 1799లో జర్మన్ మహాకవి గేటే ఒక మిత్రుడితో తోటలో తిరుగుతూ, ఎర్రని గసగసాల జాతి పువ్వుల దగ్గర ఇటువంటి మెరుపే చూశాడు. పువ్వు ముందు నిలబడి తేరిపార చూస్తే ఏమీ లేదు. పక్క చూపుతో చూస్తూ అటూ ఇటూ నడిస్తే మళ్ళీ మళ్ళీ కనిపించింది! అయితే ఇది పువ్వులో లేదు, చూసేవాడి కంట్లో ఉన్నది అని ఆయన 1810లో తన రంగుల గ్రంథంలో రాశాడు. 1914లో టామస్ అనే జర్మన్ ఆచార్యుడు దీన్ని స్పష్టంగా వివరించాడు.

మన కంటి తెర మీద వెలుగును పట్టుకునే కణాలు రెండు రకాలు. శంకువుల వంటివి పగటి వెలుగులో పనిచేసి రంగులు చూపుతాయి. ఇవి తెర నడుమ దట్టంగా ఉంటాయి. కడ్డీల వంటివి మసక వెలుగులో పనిచేస్తాయి. ఇవి పక్కల ఎక్కువ. కడ్డీలకు ఆకుపచ్చ బాగా ఆనుతుంది, ఎరుపు ఆనదు. సందెచీకటిలో రెండు రకాలూ సగం సగం పనిచేస్తూ ఉంటాయి. అప్పుడు ఎర్రని పువ్వు మీద చూపు ఒక పక్కనుంచి నడిమికి జరిగితే, నల్లగా ఉన్న పువ్వు ఒక్కసారి భగ్గుమన్నట్టు తోస్తుంది. విద్యుత్తూ లేదు, మంత్రమూ లేదు. ఆమె చూసింది మాత్రం నిజం. కారణం తెలియటానికి మనుషులకు నూటయాభై ఏళ్ళు పట్టింది, అంతే.

మీరూ చూడవచ్చు. పసుపు పువ్వు పనికిరాదు. ముదురు నారింజో ఎరుపో కావాలి. చుట్టూ ఆకుపచ్చ ఆకులుండాలి. పొద్దుగుంకిన పావుగంట తరవాత, దీపాలు వెయ్యకుండా, అయిదారు అడుగుల దూరంలో పువ్వును ఓరకంట చూస్తూ మెల్లగా నడవండి. మొదటిరోజు కనపడకపోతే మర్నాడు చూడండి. అన్నయ్యకు కనపడిందా, మీకు కనపడిందా, ఎన్ని గంటలకు కనపడింది అన్నది రాసుకోండి. ఎలిజబెత్ చేసింది కూడా అదే.

చీడల సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. పేనుబంక పడుతుంది, ఆకుల అడుగున నల్లగా గుంపులుంటాయి. నీళ్ళు గట్టిగా చిమ్మితే రాలిపోతాయి. మళ్ళీ వస్తే మళ్ళీ చిమ్మండి. తినే మొక్క గనక మందుల జోలికి పోకండి. ఆకులో తెల్లటి వంకర గీతలు కనిపిస్తే లోపల సన్నపురుగు దారి తొలుస్తున్నదని తెలుసుకుని ఆ ఆకు తుంచి పారెయ్యండి.

ఫ్రాన్సు దేశంలో జివెర్నీ అనే ఊళ్ళో క్లాడ్ మోనే అనే చిత్రకారుడి తోట ఉంది. ఆయన 1926లో పోయాడు గాని తోటను ఈనాటికీ చూడవచ్చు. వేసవి చివర అక్కడ ఇంటికి పోయే బాట మీదికి రెండువైపుల నుంచీ నాస్టర్షియాలు పాకి, నడవటానికి సన్నని దారి మాత్రమే మిగులుతుంది. మన తొట్టిలో అంత కాకపోయినా, నాలుగు గింజలకు బోలెడు పువ్వులు వస్తాయి.

మాఘమాసం వచ్చేసరికి పువ్వులు రాలి, కాయలు మూడేసి చొప్పున అతుక్కుని కనిపిస్తాయి. అన్నీ ఊరగాయకు కోసుకోక, సగమైనా తీగమీద ఉంచండి. అవి పచ్చదనం పోయి, పాలిపోయి, తమంతట తామే కింద రాలుతాయి. రోజూ తీగకింద వెతికి ఏరుకోకపోతే చీమలు, ఎలుకలు మిగల్చవు. ఏరిన గింజలను నీడన వారం రోజులు ఆరబెట్టి, కాగితం పొట్లంలో కట్టి, తడి తగలని డబ్బాలో వెయ్యండి. పొట్లం మీద పువ్వు రంగూ, ఏరిన నెలా రాయండి. రంగులన్నీ పక్కపక్కన పెంచినట్టయితే పుప్పొడి కలిసిపోయి, వచ్చే ఏడు ఏ గింజకు ఏ రంగు పూస్తుందో ముందుగా చెప్పలేము. ఎర్రదని రాసిన పొట్లంలోంచి పసుపుపచ్చ పువ్వు వస్తే, విత్తనాలు తారుమారు చేశావని తమ్ముణ్ణి కోప్పడకండి.